రైలు ఒక్కటే, కోరికలు నాలుగు

పామర్రు: వేసవి సెలవులు గాని, దసరా సెలవులు గాని దగ్గరపడేసరికి డెల్టా గ్రామాలలో ఇంటింటా ఒకే తర్జనభర్జన మొదలవుతుంది. ఈసారి ప్రయాణం ఎక్కడికి? పైకి ఇది సరదా ప్రశ్నే. కాని దీనికి జవాబు చెప్పే హక్కు ఇంట్లో ఎవరికి ఉన్నదని అడిగితే చాలా ఇళ్ళలో ఒక్కరి పేరే వినబడుతుంది. డబ్బు పెట్టే యజమాని ఎక్కడికంటే అక్కడికే మిగిలిన అయిదుగురూ నడవాలి. తిరిగి వచ్చాక ఆయన ఒక్కడే సంతోషంగా ఉంటాడు. మిగిలినవారు అలసిపోయి ఉంటారు.

ఈ తగవుకూ, పాత రైలు దారులకూ సంబంధమేమిటని అనిపించవచ్చును. సంబంధం ఉన్నది. దేశంలోనూ, విదేశాలలోనూ వారసత్వ సంపదగా గుర్తింపు పొందిన పాత రైళ్ళు నేడు పెద్ద యాత్రా ఆకర్షణలుగా వెలుగుతున్నాయి. అటువంటి రైలు ఒకటి తమ ప్రాంతంలోనూ నడవాలని కోరేవారు కృష్ణా జిల్లాలోనూ ఉన్నారు. కోరిక మంచిదే. అయితే ఆ రైలు ఎవరికోసం నడవాలన్న విషయం ముందు తేలవలసి ఉన్నది. రైలంటే ప్రాణం పెట్టేవారి కోసమే నడిపితే అది ఆరు నెలలలో మూతపడుతుంది. రైలంటే ఏమాత్రం ఆసక్తి లేనివారు కూడా సంతోషంగా ఎక్కి దిగేటట్లు నడిపితేనే నిలుస్తుంది.

ఇంటింటా ఇదే తగవు

పామర్రు నాలుగు దారుల కూడలి. బెజవాడ, బందరు, గుడివాడ, చల్లపల్లి దారులు ఇక్కడ కలుస్తాయి. బస్సుల రొద రాత్రింబవళ్ళు వినబడుతుంది గాని రైలు కూత వినబడదు. రైలెక్కాలంటే గుడివాడ అయినా వెళ్ళాలి, బెజవాడ అయినా వెళ్ళాలి. అందుచేత ఈ ప్రాంతపు పెద్దవారికి రైలు ప్రయాణం రోజువారీ పని కాదు. అది ఒక వేడుక.

ఇటువంటి ఒక ఇంటిని ఉదాహరణగా తీసుకుంటే విషయం సులువుగా బోధపడుతుంది. తాతగారికి రైలే కావాలి. మీటరు గేజి పట్టాల మీద పొగబండి నడిచిన రోజులు ఆయన ఎరుగుదురు. కిటికీ పక్కన కూర్చుని, వచ్చే ప్రతి స్టేషను పేరూ పైకి చదవడం ఆయనకు ఇష్టం. నాయనమ్మకు దైవదర్శనం కావాలి. గుడి లేని ప్రయాణం ఆమె దృష్టిలో ప్రయాణమే కాదు. పిల్లలకు నీళ్ళు కావాలి, ఇసుక కావాలి, పరుగెత్తడానికి చోటు కావాలి. రైలులో గంట కూర్చోగానే వారి చేతిలోకి సెల్‌ఫోను వచ్చేస్తుంది. ఇంటి యజమానికి ఖర్చు మించకూడదు, సోమవారం ఉదయానికి పనిలో ఉండాలి. ఇక కోడలి కోరిక ఏమిటి? ఆమెను ఎవరూ అడగరు. అడిగితే ఆమె చెప్పే మాట చిన్నదే. ఒక్కరోజు తను వండకుండా, ఎవరికీ వడ్డించకుండా, ఎవరో ఒకరు వేడిగా పెట్టగా కూర్చుని తినాలని.

ఇందులో ఏ కోరికా తప్పుకాదు. వాటిలో ఒకటే నెగ్గి తక్కినవి ఎప్పుడూ ఓడిపోతూ ఉండటం తప్పు. గుడికి వెళ్ళిన ఏడు పిల్లలు క్యూలో ఏడుస్తారు. సముద్రానికి వెళ్ళిన ఏడు నాయనమ్మ గట్టు మీద సామాను కాపలా కాస్తుంది. ఏ ఏడు ఎక్కడికి వెళ్ళినా పులిహోర కలిపి మూటకట్టే పని మాత్రం కోడలిదే.

కొండ రైళ్ళు చెప్పే పాఠం

దేశంలో వారసత్వ రైళ్ళంటే మొదట తలపుకు వచ్చేవి మూడు. డార్జిలింగ్ రైలు 1881లోనూ, కాల్కా–సిమ్లా రైలు 1903లోనూ మొదలైనాయి. నీలగిరి రైలు మేట్టుపాళయం నుంచి కూనూరు వరకు 1899లో నడిచి, 1908లో ఊటీ చేరింది. ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ యునెస్కో ఈ మూడింటినీ ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. డార్జిలింగ్‌కు 1999లో, నీలగిరికి 2005లో, సిమ్లాకు 2008లో ఆ గౌరవం దక్కింది.

తెలుగువారికి వీటిలో ఊటీ రైలు బాగా పరిచయం. సినిమా పాటలలో ఆ నీలం పెట్టెలను చూడనివారు తక్కువ. 46 కిలోమీటర్ల ఆ దారిలో 16 సొరంగాలు, 250 వంతెనలు ఉన్నాయి. ఏటవాలు చోట్ల రెండు పట్టాల నడుమ పళ్ళ పట్టా ఒకటి ఉంటుంది. ఇంజను కింది పళ్ళచక్రం దానిని పట్టుకుని పైకి ఎగబాకుతుంది. యంత్రం మీద మక్కువ ఉన్నవారికి ఇంతకంటె గొప్ప దృశ్యం ఉండదు.

కాని మేట్టుపాళయం నుంచి ఊటీ ఎక్కడానికి సుమారు అయిదు గంటలు పడుతుంది. బస్సులో ఇంకా త్వరగా చేరవచ్చును. డెల్టా నుంచి వెళ్ళే కుటుంబాలలో మొదటి గంట అందరూ కేరింతలు కొడతారు. రెండవ గంటలో పిల్లలు ఆకలంటారు. మూడవ గంటలో పెద్దవారికి కాళ్ళు పట్టేస్తాయి. నాలుగవ గంటలో రైలు పిచ్చి ఉన్న ఒక్కడే కిటికీ దగ్గర మిగులుతాడు. అయినా ఆ రైలుకు జనం ఎందుకు వెళుతున్నారు? పైన ఊటీ ఉన్నది కనుక. తోట ఉన్నది, చెరువు ఉన్నది, చలి ఉన్నది, తేయాకు ఉన్నది. రైలు పక్కన ఇన్ని ఉండటం చేతనే రైలు నిలిచింది.

విదేశాలలోనూ ఇదే అనుభవం. బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో పలకరాయి మోసిన తాలిల్లిన్ అనే చిన్న రైలును మూతపడకుండా 1951లో స్వచ్ఛంద కార్యకర్తలు స్వీకరించి నడిపారు. పాత రైళ్ళను ప్రజలే కాపాడుకోవచ్చునని లోకానికి చూపిన మొదటి ఉదాహరణ అది. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ అనే మహా అగాధపు అంచుకు 1901లో రైలు వేశారు. కార్లు పెరిగాక 1968లో ప్రయాణికుల బండి ఆగిపోయింది. 1989లో మళ్ళీ మొదలై నేటికీ నడుస్తున్నది. తిరిగి బతికింది ఎందువల్ల? రైలు ఎక్కాలనుకునే తండ్రీ, లోయ చూడాలనుకునే తల్లీ ఒకే టిక్కెట్టుతో ఇద్దరూ సంతృప్తి పడవచ్చును. కృష్ణా జిల్లా నుంచి పిల్లల దగ్గరకు అమెరికా వెళ్ళే తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. అక్కడ అటువంటి రైళ్ళు ఎక్కి వచ్చి, ఇక్కడ ఎందుకు లేవని అడిగేవారూ ఉన్నారు. అడగవలసిన ప్రశ్నే.

అరకు దారి

నిజానికి ఆంధ్రదేశంలో అటువంటిది అసలు లేకపోలేదు. విశాఖపట్నం నుంచి అరకు మీదుగా కిరండోల్ వెళ్ళే దారిని 1960లలో వేశారు. బైలదిలా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపడానికి వేసిన దారి అది. యాత్రికులను ఉద్దేశించి వేసింది కానే కాదు. కాని తూర్పు కనుమలను తొలుచుకుంటూ వెళ్ళే ఆ దారిలో 58 సొరంగాలు ఉన్నాయి. శిమిలిగూడ స్టేషను సముద్ర మట్టానికి 990 మీటర్లకు పైగా ఎత్తున ఉన్నది. 2017 ఏప్రిల్‌లో ఈ బండికి అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టె తగిలించారు. సీటును కిటికీ వైపు తిప్పుకుని లోయలు చూస్తూ పోవచ్చును.

అరకు ప్రయాణం డెల్టా కుటుంబాలకు ఎందుకు నచ్చింది? పర్యాటక శాఖ అమలుచేసిన పద్ధతి ఒకటి ఇందుకు కారణం. పొద్దున విశాఖలో రైలెక్కించి, అరకులో దించి, తిరుగు ప్రయాణం బస్సులో పెట్టారు. రైలు సరదా ఉన్నవారికి ఉదయం నాలుగు గంటలు చాలు. తక్కిన రోజంతా గిరిజన మ్యూజియం, పద్మాపురం తోటలు, థింసా నృత్యం, కాఫీ, బొర్రా గుహలు. బొర్రాలో లింగాకృతిలో ఉన్న శిలను పూజించేవారు ఉన్నారు కనుక నాయనమ్మ కోరిక కూడా కొంత తీరుతుంది. భోజనం ఏర్పాటు వారే చూస్తారు కనుక కోడలికి ఆ పూట సెలవు. ఒకే రైలు ఇంటిల్లిపాదికీ ఎలా సరిపోతుందో చూపడానికి ఇంతకంటె దగ్గరి నిదర్శనం అక్కరలేదు.

అయితే లోపాలు లేకపోలేదు. గుహలలో మెట్లు చాలా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులు ఉన్న పెద్దవారు పైనే కూర్చుండిపోవాలి. వారికి నీడ, కుర్చీ, శుభ్రమైన మరుగుదొడ్డి ఉన్నాయా అన్నది ఎవరూ ముందుగా చెప్పరు. పామర్రు నుంచి వెళ్ళేవారికి దూరం మరొక ఇబ్బంది. బందరు నుంచి గుడివాడ, భీమవరం మీదుగా విశాఖకు రాత్రి బండి ఉన్నది గాని, రానూ పోనూ రెండు రాత్రులు, మధ్య ఒక పగలు. ఒకరోజు సెలవుతో తీరే ప్రయాణం కాదు.

పోగొట్టుకున్నవి

ఉన్నవాటిని చూసుకోవడంతోపాటు పోయినవాటిని కూడా ఒకసారి గుర్తు చేసుకోవడం మంచిది. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి పర్లాకిమిడికి రెండున్నర అడుగుల చిన్న గేజి రైలు 1900లో నడిచింది. పర్లాకిమిడి రాజావారు వేయించిన దారి అది. 1931 నాటికి గుణుపురం వరకు సాగింది. కొండల అంచున, వరి పొలాల నడుమ 90 కిలోమీటర్లు నెమ్మదిగా సాగిన ఆ బండిని 2004లో ఆపి, పెద్ద గేజిగా మార్చారు. 2011లో పెద్ద బండి గుణుపురం చేరింది. మార్పు ప్రజలకు అవసరమే. ఆ అవసరాన్ని కాదనేవారు లేరు. కాని ఆ దారిలో నాలుగైదు కిలోమీటర్లయినా చిన్న పట్టాలు ఉంచి ఉంటే ఈనాడు ఉత్తరాంధ్రకు సొంత వారసత్వ రైలు ఉండేది.

కాకినాడ–కోటిపల్లి దారి కథ ఇంకొక విధం. రెండవ ప్రపంచ యుద్ధపు అవసరాల కోసం 1940లో ఆ పట్టాలు పెకలించారు. 2004లో మళ్ళీ వేశారు. ద్రాక్షారామం మీదుగా గోదావరి గట్టుకు చేర్చే ఆ దారిలో రైలు బస్సు నడిచినప్పుడు చుట్టుపక్కల ఊళ్ళవారు చూడ్డానికని కూడా ఎక్కారు.

రాజమండ్రి హేవలాక్ వంతెన మరొక ఉదాహరణ. 1900లో ప్రారంభమై, దాదాపు నూరేళ్ళు మద్రాసు–కలకత్తా బండ్లను మోసి, 1997లో విశ్రాంతి పొందింది. దానిని విహార వంతెనగా తీర్చిదిద్దాలన్న మాట ఆనాటి నుంచి వింటున్నదే. 2025లో అఖండ గోదావరి పథకానికి శంకుస్థాపన జరగడంతో మళ్ళీ ఆశ చిగురించింది. కాని ఒక వంతెన కోసం ఇన్నేళ్ళు పట్టిందంటే, పాతది పాడుపడకముందే ఆలోచించడం ఎంత అవసరమో తెలుస్తున్నది.

గుడివాడ – బందరు లైను

ఇక కృష్ణా జిల్లా సంగతి. బెజవాడ నుంచి గుడివాడ మీదుగా బందరుకు ఇరవయ్యవ శతాబ్దపు మొదటి దశకంలో మీటరు గేజి రైలు వచ్చింది. గుడివాడ నుంచి భీమవరానికి 1928లో దారి వేశారు. 1960ల ప్రాంతంలో ఇవి పెద్ద గేజిగా మారాయి. ఇటీవలి సంవత్సరాలలో జోడు లైను, విద్యుత్తు తీగలు కూడా వచ్చాయి. కనుక ఈ దారిలో పాత రైలు ఇప్పుడు లేదు. సొరంగాలు లేవు, కొండలు లేవు. పొగబండి తెచ్చి నడపాలంటే మాటలు కాదు. దేశంలోనే పెద్ద గేజి మీద ఆవిరి ఇంజన్ల రోజువారీ నడక 1995తో ముగిసింది.

అయినా ఈ దారికి ఒక ప్రత్యేకత ఉన్నది. గుడివాడ నుంచి బందరు సుమారు 37 కిలోమీటర్లు. గంట ప్రయాణం. ఈ గంటలో ఎన్ని రకాల మనుషులకు పనికివచ్చేవి ఉన్నాయో లెక్కవేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. గుడ్లవల్లేరు, కవుతరం, వడ్లమన్నాడు దాటి బండి పెడన చేరుతుంది. పెడన కలంకారీ లోకప్రసిద్ధం. కరక్కాయ నీళ్ళలో నానిన గుడ్డ మీద టేకు అచ్చులతో వరుసగా అద్దకం వేసే పని చూస్తూ నిలబడితే కాలం తెలియదు. చీర కొనేవారు కొంటారు, కొననివారు చూస్తారు. పిల్లల చేతికి ఒక అచ్చు ఇచ్చి రుమాలు మీద వేయనిస్తే వారి సెల్‌ఫోను జేబులోనే ఉంటుంది.

తరువాతి స్టేషను చిలకలపూడి. 1929లో భక్త నరసింహం కట్టించిన పాండురంగస్వామి ఆలయం అక్కడ ఉన్నది. కార్తీక మాసపు ఉత్సవాలకు దూర ప్రాంతాల నుంచి భక్తులు వస్తారు. నాయనమ్మ ప్రయాణం ఇక్కడ సార్థకమవుతుంది. అదే ఊరు రోల్డుగోల్డు నగలకు పేరుపొందింది. ఆడపిల్లలున్న ఇల్లు అక్కడి దుకాణాలు దాటి పోవడం కష్టం.

చివరిది బందరు. డచ్చివారు పదిహేడవ శతాబ్దపు మొదట్లోనే ఇక్కడ కొట్లు పెట్టారు. ఇంగ్లీషు కంపెనీ 1611లో వర్తక స్థావరం ఏర్పాటు చేసింది. బందరు కోటలోని శిథిలాలు, డచ్చివారి సమాధులు చరిత్ర చదివే పిల్లలకు పాఠం. 1864 ఉప్పెనలో ముప్పయి వేలమంది దాకా పోయిన ఊరు ఇది. మంగినపూడి సముద్ర తీరం పది, పన్నెండు కిలోమీటర్ల దూరం. పిల్లలకు ఇసుక, నీళ్ళు అక్కడ ఉన్నాయి. బందరు లడ్డు సంగతి చెప్పనక్కరలేదు.

తిరుగు ప్రయాణం రోడ్డు మీద పెడితే ఆ దారి పామర్రు మీదుగానే వస్తుంది. పామర్రు నుంచి కొద్ది దూరం పక్కకు మళ్ళితే కూచిపూడి. సాయంత్రం అక్కడ అరగంట నృత్య ప్రదర్శన ఏర్పాటు చేస్తే బెజవాడ నుంచి వచ్చినవారు కూడా తృప్తిగా తిరిగి వెళతారు. రైలు లేని పామర్రుకు రైలు యాత్ర వల్ల లాభం కలిగే మార్గం ఇదే. హోటళ్ళకు, ఆటోలకు, చిన్న దుకాణాలకు వ్యాపారం దొరుకుతుంది.

ఇందుకు కోట్లు ఖర్చు పెట్టనక్కరలేదు. ఆదివారాలు, సెలవు రోజులలో ఉదయం నడిచే బండికి పెద్ద కిటికీల పెట్టె ఒకటి తగిలించాలి. గుడివాడ స్టేషనులో ఒక గది కేటాయించి మీటరు గేజి నాటి టిక్కెట్లు, దీపాలు, గంటలు, ఛాయాచిత్రాలు సేకరించి ఉంచాలి. రిటైరైన రైల్వే ఉద్యోగుల ఇళ్ళలో ఇవి అటకల మీద పడి ఉండవచ్చును. వారు ఉండగానే అడిగితే వస్తువుతోపాటు దాని కథ కూడా దొరుకుతుంది. పెడనలోనూ, బందరులోనూ ఆర్టీసీ చిన్న బస్సులు రైలు వేళకు సిద్ధంగా ఉండాలి. రైలు, బస్సు, భోజనం కలిపి ఒకే టిక్కెట్టు ఇవ్వాలి. భోజనం ఏర్పాటును స్వయం సహాయక సంఘాల మహిళలకు అప్పగించవచ్చును. ఒక ఇంటి కోడలికి సెలవు దొరకాలంటే ఇంకొక ఇంటి కోడలికి కూలి దొరకడం న్యాయంగా ఉంటుంది.

అభ్యంతరాలు

ఇటువంటి సూచనకు అభ్యంతరాలు రావడం సహజం. మొదటిది, రోజూ ప్రయాణించేవారి బాధలు తీరకముందే వేడుక రైళ్ళు ఎందుకన్నది. ఈ మాట తోసివేయదగినది కాదు. 2020 మార్చిలో కరోనా కారణంగా ఆగిన పాసింజరు బండ్లు తిరిగి పట్టాలెక్కినప్పుడు ఎక్స్‌ప్రెస్ చార్జీలు వసూలు చేశారు. కనీస చార్జీ పది రూపాయల నుంచి ముప్పయికి పోయింది. 2024లో గాని అది తగ్గలేదు. కూరగాయలు, చేపలు బుట్టలతో ఎక్కేవారు, కాలేజీ విద్యార్థులు ఆ భారం మోశారు. కనుక వేడుక పెట్టె కోసం మామూలు పెట్టెలలో ఒక్కటి కూడా తగ్గించరాదు. ఉన్న బండికి అదనంగా తగిలించేదే కావాలి.

రెండవది, బస్సు ఉండగా రైలెందుకన్నది. 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ బస్సులలో స్త్రీశక్తి పథకం కింద ఆడవారికి ఉచిత ప్రయాణం అమలులోకి వచ్చింది. పల్లెవెలుగు బస్సెక్కితే పామర్రు నుంచి బందరుకు ఆడవారికి పైసా ఖర్చు లేదు. నిజమే. ఈ పథకం వల్ల ఇంట్లో ఆడవారు ఎక్కడికి వెళ్ళాలో తామే చెప్పగల ధైర్యం కొంత పెరగవచ్చును కూడా. కాని బస్సులో పెద్దవారు కాళ్ళు చాపుకోలేరు, పిల్లలు లేచి తిరగలేరు, అత్యవసరమైతే ఆగే వీలు లేదు. రైలులో ఇంటిల్లిపాదీ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవచ్చును. ఈ రోజుల్లో ఆ ఒక్క గంటే అరుదైనది. పైగా ఈ రెండూ పోటీ కానక్కరలేదు. ఒకవైపు రైలు, ఒకవైపు బస్సు అన్న అరకు పద్ధతి ఇక్కడా సరిపోతుంది.

మూడవది, ఇందులో పాతదనం ఏమున్నదన్నది. ఇంజను పాతది కాదు, పెట్టెలు పాతవి కావు, అలాంటప్పుడు వారసత్వ రైలు అనవచ్చునా? పేరు ఏదైనా పెట్టవచ్చును. నూరేళ్ళకు పైగా బందరు వస్త్రాలు, లడ్లు, చదువుకునే పిల్లలు, పెళ్ళివారు, కోర్టుపక్షులు ప్రయాణించిన దారి అది. ఊరి పనితనం, గుడి, కోట, సముద్రం దాని పక్కనే ఉన్నాయి. పాత ఇంజను ఒకటి తెచ్చి స్టేషను బయట సిమెంటు దిమ్మ మీద నిలబెట్టి రంగు వేయడం కంటె ఈ దారిని బతికించడమే అసలైన వారసత్వ రక్షణ.

ఇంట్లో జరగవలసినది

ప్రభుత్వం చేయవలసినది ఎంత ఉన్నదో ఇళ్ళలో జరగవలసినదీ అంతే ఉన్నది. ఎన్ని సౌకర్యాలు కల్పించినా ఇంటి యజమాని ఒక్కడే దారి నిర్ణయిస్తే తక్కినవారు వెనుక నడిచేవారుగానే మిగులుతారు.

ప్రయాణం అనుకున్న రోజున ఇంట్లో ప్రతివారినీ ఒక్క కోరిక చెప్పమనాలి. ఒక్కటే. పిల్లలు పది చెబుతారు, వారిని ఒకటికి ఒప్పించాలి. పెద్దవారు "మాదేముంది, మీ ఇష్టం" అంటారు, ఆ మాటతో వదిలిపెట్టకూడదు. ఇంటి ఇల్లాలు సరే సరి, ఆమె నోటి వెంట కోరిక రావడానికి రెండు మూడుసార్లు అడగవలసి ఉంటుంది. ఆ కోరికలను ఒక కాగితం మీద రాసి, ఒక్క రోజులో ఎన్ని తీరుతాయో లెక్కవేసుకోవాలి. తీరనివి వచ్చే ప్రయాణానికి మొదటి వరుసలో ఉండాలి.

అందరూ రోజంతా ఒకే చోట ఉండితీరాలన్న పట్టుదల కూడా మంచిది కాదు. తాతగారు గుడివాడ స్టేషనులో ఒక గంట బండ్లు చూస్తూ కూర్చుంటే నష్టమేమీ లేదు. నాయనమ్మ గుడిలో ఉన్న సమయంలో పిల్లలు తండ్రితో సముద్రానికి వెళ్ళవచ్చును. ఇల్లాలు అచ్చుల కార్ఖానాలో తనకు కావలసినంత సేపు నిలబడవచ్చును, చంటిపిల్లను ఆ పూట భర్త ఎత్తుకుంటే సరి. భోజనం వేళకు అందరూ ఒక చోట చేరి, ఎవరు ఏమి చూశారో చెప్పుకుంటే ఒక ప్రయాణం అయిదు ప్రయాణాలు అవుతుంది. విడివిడిగా తిరిగి కలుసుకోవడం కలహం కాదన్న విషయం డెల్టా కుటుంబాలకు ఇంకా అలవాటు కావలసి ఉన్నది.

పెద్దవారి విషయంలో ఆలస్యం పనికిరాదు. మీటరు గేజి బండిలో బందరు వెళ్ళినవారు, స్టేషనులో నీళ్ళ కుండ దగ్గర వరుసలో నిలబడినవారు, బొగ్గు నలుసు కంట్లో పడి ఏడ్చినవారు డెబ్బయి, ఎనభై ఏళ్ళు దాటారు. వారు చెప్పగలిగిన రోజులలోనే మనవలను వారి పక్కన కిటికీ దగ్గర కూర్చోబెట్టాలి. పిల్లలకు మొదటి పది నిమిషాలు విసుగు కలగవచ్చును. కాని ఈ స్టేషనులోనే మీ నాయనమ్మను పెళ్ళిచూపులకు వెళుతూ దిగానని తాతగారు చెబితే ఏ పిల్లవాడైనా చెవి ఒగ్గుతాడు.

విజయవాడ రైల్వే డివిజన్ అధికారులు, రాష్ట్ర పర్యాటక శాఖ, ఆర్టీసీ, మచిలీపట్నం నగరపాలక సంస్థ, పెడన, గుడివాడ పురపాలక సంఘాలు ఒకసారి కలిసి కూర్చుంటే ఈ సూచనలో సాధ్యాసాధ్యాలు తేలిపోతాయి. ఒక్క చలికాలం, కార్తీకం నుంచి సంక్రాంతి వరకు, ఆదివారాలు మాత్రం ప్రయోగంగా నడిపి చూడవచ్చును. నష్టం వస్తే ఆపివేయవచ్చును. లాభం వస్తే కైకలూరు వైపు కొల్లేటి పక్షులను చూపే దారి కూడా ఆలోచించవచ్చును. ప్రజాప్రతినిధులు ఈ విషయమై చొరవ తీసుకోవడం వాంఛనీయం. పామర్రు ప్రాంతవాసులు కూడా తమ ఊరికి రైలు లేదన్న చింత కొంత పక్కన పెట్టి, గుడివాడలో ఆగే రైలు తమదిగా భావించి అడగవలసి ఉన్నది.